ఎవరి పక్షమూ కాని ఇల్లు

మా బాపుకు తెలుగు చదవడం రాదు. ఆయన బడికి పోయిన రోజుల్లో చదువంటే ఉర్దూయే. ఉర్దూలో ఆయన అర్జీ రాస్తే బోధన్ తహసీల్ ఆఫీసులో గుమాస్తాలు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూసేవారట. సర్కారు కాగితాలన్నీ తెలుగులోకి మారాక, అంతటి మనిషీ తన పేరున వచ్చిన కవరు చేతిలో పట్టుకుని నా కోసం వసారాలో ఎదురు చూడాల్సి వచ్చింది. అది ఆయనకు ఎంత నామోషీయో నాకు తెలుసు. నాకు ఎంత సంకెలో ఆయనకు తెలియదు.

1968లో నాకు పదిహేడేళ్ళు. హైస్కూలు పరీక్ష పాసై ఇంట్లో కూర్చున్నాను. నిజామాబాద్‌లో కాలేజీ ఉంది, ఉండడానికి చిన్నమ్మ ఇల్లుంది, నాకు మార్కులూ ఉన్నాయి. "సూద్దాం తియ్యి బిడ్డా. నువ్వు పోతే నాకు పేపరెవరు సదువుతరు?" అన్నాడు బాపు. నవ్వుతూ అన్నాడు. కోపంగా అని ఉంటే కొట్లాడేదాన్ని. నవ్వుతూ కట్టేస్తే ఏం చేస్తాం?

మా ఊరు బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో ఉంటుంది. పేపరు పొద్దున పదింటి బస్సులో వచ్చేది, అదీ ఒకరోజు పాతది. బాపు నులక మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. నేను గడప మీద కూర్చుని చదివేదాన్ని. జిల్లా వార్తలు ఆయనకు అక్కర్లేదు. దొంగతనాలు, పెళ్ళిళ్ళు, పసుపు ధర, ఏవీ వద్దు. ఎక్కడో రెండు దేశాలు కొట్టుకుంటే చాలు, మంచం మీద నిటారుగా కూర్చునేవాడు. "మనోళ్ళేమన్నరు?" అదీ ఆయన మొదటి ప్రశ్న. మన దేశం ఏమన్నదో నేను చదవాలి. అది ఆయనకు నచ్చితే, "మల్లొకసారి సదువు" అనేవాడు. నేను మళ్ళీ చదివేదాన్ని. కొన్నిసార్లు మూడోసారి కూడా.

దీనికంతా ఆయన దగ్గర ఒక ఉర్దూ మాట ఉండేది. గైర్‌జానిబ్‌దారీ. అంటే ఎవరి పక్షమూ కాకపోవడం. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు ఎంత మెత్తబడేదో! అటు ఒక పెద్ద రాజ్యం, ఇటు ఒక పెద్ద రాజ్యం, మధ్యలో మనం, ఇద్దరితోనూ చెడకుండా, ఇద్దరికీ లొంగకుండా. అప్పుడు మన దేశానికి ప్రపంచ మండలిలో రెండేళ్ళ కుర్చీ ఒకటి దొరికింది. అయిదు పెద్ద రాజ్యాలకు మాత్రం అక్కడ ఎప్పటికీ కదలని కుర్చీలున్నాయి. ఏదో ఒకరోజు మనకూ కదలని కుర్చీ వస్తుందని బాపు నమ్మకం. "ఎవరితోని తగువు పెట్టుకోనోనికే కుర్చీ ఇస్తరు బిడ్డా" అనేవాడు. అది దేశం గురించి అంటున్నాడనే చాలా రోజులు అనుకున్నాను.

మా ఊరు నిజానికి రెండు ఊళ్ళు. ఒకటి పాత ఊరు, మాది. రెండోది క్యాంపు. నిజాంసాగర్ కాలువ వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొని సాగు చేసుకున్న వాళ్ళ ఇళ్ళన్నిటినీ మా దగ్గర క్యాంపు అనే అంటారు. వాళ్ళొచ్చి ముప్పై ఏళ్ళు దాటినా, వాళ్ళ పిల్లలు ఇక్కడే పుట్టినా, క్యాంపు క్యాంపే. పంచాయతీలో సర్పంచు గాక తొమ్మిది మంది మెంబర్లు. నలుగురు ఊరి వాళ్ళు, నలుగురు క్యాంపు వాళ్ళు, తొమ్మిదో మనిషి మా బాపు. ఆ రోజుల్లో మెంబర్లే సర్పంచును ఎన్నుకునేవారు. ఆ ఎండాకాలంలో పాత సర్పంచు కాలం చేశాడు. కుర్చీ ఖాళీ అయింది.

అప్పటి నుంచి బాపు నడక మారింది. ఊళ్ళో ఒక ఇంట చాయ తాగితే, క్యాంపులో ఒక ఇంట కాఫీ తాగి గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఇక్కడ పెళ్ళికి ఎంతసేపు కూర్చుంటే అక్కడ పెళ్ళికీ అంతసేపు కూర్చునేవాడు. "మీ బాపు కడుపుల గూడ రెండు వార్డులు పడ్డయి" అని అవ్వ దెప్పేది. మా దగ్గర అమ్మను అవ్వ అంటారు. బాపు నవ్వి ఊరుకునేవాడు. అవ్వ మాటకు కూడా ఆయన అవుననలేదు, కాదనలేదు.

ఇక నీళ్ళ సంగతి చెప్పాలి, ఎందుకంటే అంతా అక్కడే ముడిపడింది.

తూము దాటాక మా పంట కాలువ రెండు పాయలుగా చీలుతుంది. ఎడమ పాయ ఊరి మడులకు, కుడి పాయ క్యాంపు మడులకు. చీలిక దగ్గర ఒక టేకు పలక. అది ఏ పాయకు అడ్డం పెడితే నీళ్ళు రెండో పాయకు పోతాయి. ఆ పలక మార్చే పని నీరటిది. మా నీరటి తాతల నాటి నుంచి ఆ పనే చేస్తున్న ఇంటి మనిషి. కల్లాల దగ్గర ప్రతి రైతూ ఇన్ని వడ్లు కొలిచి ఇస్తే, అదే ఆయన ఇంటి తిండి. నేను నీరటి తాత అని పిలిచేదాన్ని. చదువు లేదు, గడియారం చూడడం రాదు. నీళ్ళ నడక మాత్రం చెప్పు విప్పి కాలు పెట్టి చెప్పగలడు.

గడియారం రాని మనిషి వేళకు పలక ఎట్లా మారుస్తాడు? అదే మా వింత. రెండు కోసుల దూరంలో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. డ్యూటీలు మారడానికి పొద్దున ఆరుకు, పగలు రెండుకు, రాత్రి పదికి సైరన్ కూసేది. మా చుట్టుపక్కల సగం బతుకు ఆ కూత మీద నడిచేది. పొద్దున కూత నుంచి రెండు కూత దాకా నీళ్ళు ఊరివి. రెండు కూత నుంచి పది కూత దాకా క్యాంపువి. పది కూతకు కాలువ లస్కరు వచ్చి తూము మూసేవాడు.

అంతకు రెండేళ్ళ ముందు ఒక మబ్బు రోజున నీరటి తాత వేళ అయిందనుకుని కూతకు ముందే పలక మార్చాడు. ఊరి వాళ్ళు కర్రలు పట్టుకుని కాలువ మీదికి పోయారు. క్యాంపు వాళ్ళూ వచ్చారు. అప్పుడు మధ్యన నిలబడి రాజీ చేసింది మా బాపే. "కూత పడందే పలక ముట్టొద్దు. ఆకలైనా, పొద్దు మునిగినా, సొంత తెలివి వద్దు. కూత ఎవరి పక్షం కాదు" అని నీరటి తాతతో రెండు వైపుల వాళ్ళ ముందూ ఒట్టు వేయించాడు. ఆ రాజీ గురించి బాపు ఏడాది పాటు చెప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే అది మంచి రాజీయే.

ఆ ఏడు శ్రావణం వచ్చినా వానలు లేవు. మొగులు పట్టేది, చుక్క పడేది కాదు. కాలువ పది రోజులకు మూడు రోజులే వదిలేవారు. ఆ మూడో రోజు పొద్దున పేపరుతో పాటు మా ఇంటికి ఇంకొక కాగితం వచ్చింది. ఫ్యాక్టరీ ఫీల్డుమన్ సైకిల్ దిగి, "పటేల్‌కు సదివి ఇనిపియ్యమ్మా, ఊళ్ళె సాటింపు ఏయించాలె" అని నా చేతికిచ్చి పోయాడు. పటేల్ అంటే మా బాపే, ఊళ్ళో అందరూ అట్లాగే పిలిచేవారు. బాయిలరు శుభ్రం చేస్తున్నందున ఆ రోజు పగలు రెండింటి సైరన్ మోగదని, కూతను బట్టి పనులు చేసుకునే వారు గమనించాలని అందులో ఉంది. నాలుగే వరుసలు.

పేపరులో మాత్రం పెద్ద వార్త ఉంది. యూరప్‌లో చెకోస్లోవేకియా అనే చిన్న దేశంలోకి పెద్ద రాజ్యం ట్యాంకులు దిగాయి. ఆ పెద్ద రాజ్యం మనకు దోస్తు. బాపు ముఖం చూసి తీరాలి. సొంత వియ్యంకుడు ఎవరి ఇల్లో దోచుకున్నాడని విన్నట్టు కూర్చున్నాడు. నేను ఫ్యాక్టరీ కాగితం ముందు చదివాను. "ఆఁ, సాటింపు ఏయిస్త తియ్యి. మనోళ్ళేమన్నరు, గది సదువు" అన్నాడు. చదివాను. మనవాళ్ళు ఇంకా గట్టిగా ఏమీ అనలేదు. "మల్లొకసారి సదువు" అన్నాడు. ఈసారి నచ్చి కాదు, ఎక్కడైనా ఒక గట్టి మాట తప్పిపోయిందేమోనని. మూడుసార్లు చదివించాడు. ఆ కాగితాన్ని నేను పేపరు మడతలో పెట్టాను. పేపరును బాపు దిండు కింద పెట్టాడు. అంతే.

ఆ తరువాత గంటకు నీరటి తాత భుజాన పార వేసుకుని మా ఇంటి ముందు నుంచే పోయాడు. "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?" అని అడిగాడు. "తిన్న తాతా" అన్నాను. ఇంకొక్క మాట అంటే సరిపోయేది. నా మనసులో అప్పుడు ట్యాంకులు కూడా లేవు, కాలేజీ ఉంది. ఇంకో ఏడు పోతోంది, ఇంకో ఏడు పోతోంది అని అదే లెక్క తిరుగుతోంది. చాటింపు వేయించడం బాపు పని అనుకున్నాను. బాపు ఏమనుకున్నాడో ఆయనకే తెలియాలి.

రెండయింది. కూత పడలేదు. మొగులు కమ్మి ఉంది, నీడ చూసి చెప్పడానికి లేదు. క్యాంపులో ఆడా మగా అంతా ఎడ్లబండ్లు కట్టుకుని వర్ని వైపు ఇంకో క్యాంపులో పెళ్ళికి పోయారు. అడిగే దిక్కు లేదు. ఊరి రైతులు మడుల గట్ల మీద నిలబడి నీళ్ళు నిండుతుంటే చూస్తున్నారు. కూత పడలేదని వాళ్ళందరికీ తెలుసు, వేళ దాటిందనీ తెలుసు. ఎవరూ నోరు తెరవలేదు. తాత పలక దగ్గర ఆకలితో కూర్చున్నాడు. వేసిన ఒట్టు మీద కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు పెళ్ళి నుంచి తిరిగొచ్చిన క్యాంపు వాళ్ళకు తమ పాయలో తడి కూడా కనిపించలేదు. పలక మార్చుకుంటే, లస్కరు వచ్చి తూము మూసే లోపల రెండు మూడు మడులు తడిశాయి. మిగతా నాట్లు వారం తిరగక ముందే ఎర్రబడి పోయాయి.

పేపరు మడతలో కాగితం సంగతి నాకు మరునాడు యాదికొచ్చింది. బాపుకు చెప్పాను. ఆయన దిండు ఎత్తి చూశాడు. తర్వాత, "దాన్ని తీసి లోపల పెట్టు" అన్నాడు. చింపెయ్ అనలేదు, బయటపెట్టు అనలేదు. లోపల పెట్టు అన్నాడు. నేను సందూకలో అవ్వ పట్టుచీర కింద పెట్టాను.

అయిదో రోజు పంచాయతీ కూర్చుంది. కార్యదర్శి సెలవులో ఉన్నాడని, తీర్మానం రాయడానికి బాపు నన్ను తీసుకుపోయాడు. ఆ పొద్దునే మేము చదివిన వార్త, ప్రపంచ మండలిలో చెకోస్లోవేకియా మీద ఓటింగు జరిగిందని. మన దేశం అటూ ఓటు వేయలేదు, ఇటూ వేయలేదు. ట్యాంకులు దింపిన వాళ్ళను 'ఖండిస్తున్నాం' అనొద్దని, 'విచారిస్తున్నాం' అంటే చాలని మనవాళ్ళు వాదించారట. బాపు అయిదు రోజులుగా పడుతున్న యాతన తీరిపోయింది. "సూసినవా? తప్పనలే, ఒప్పనలే. మల్లొకసారి సదువు" అన్నాడు. నేను చదివాను. నా గొంతు నాకే రోతగా వినిపించింది.

పంచాయతీ ఆఫీసు వసారాలో బెంచీల మీద మెంబర్లు కూర్చున్నారు. నీరటి తాత మెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. క్యాంపు పెద్దాయన లేచాడు. "చూడండీ, మేం పెళ్ళికెళ్ళడం మా తప్పా అండీ? మా వంతు నీళ్ళు మాకు రావాలి కదా. ఇతను అటువాళ్ళ దగ్గర కల్లు పుచ్చుకుని పలక తియ్యలేదండీ. ఇలాంటి మనిషి చేతిలో మా కాలవ పెట్టలేం" అన్నాడు.

"కల్లు నోట్ల పోసుకోలే పటేలా" అన్నాడు తాత. "కూత పడలే. కడుపు రెండయిందన్నది, కూత కాలేదన్నది. మీరు కూత మాట ఇనుమన్నరు, కూత మాటనే ఇన్న."

"ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నాను, ఆ సైరన్ ఒక్క పూట మానలేదు" అన్నాడు క్యాంపు పెద్దాయన.

ఊరి మెంబర్లను అడిగారు. ఒకాయన కలుపు తీయిస్తున్నానన్నాడు. ఇంకొకాయన గాలి ఎదురుంటే కూత వినబడదన్నాడు. మిగతా ఇద్దరూ "యాది లేదు" అన్నారు. ఫ్యాక్టరీకి ఒక మనిషిని పంపి అడిగితే ఒక్క పూటలో తేలే విషయం. ఎవరూ పంపమనలేదు. తేలితే ఊరి వాళ్ళు తీసుకున్న నీళ్ళకు జవాబు చెప్పాలి. క్యాంపు వాళ్ళకు తమ మాట వినే కొత్త నీరటి కావాలి. మా బాపుకు ఎనిమిది ఓట్లు కావాలి. నిజం అక్కర్లేని వాళ్ళంతా ఒక్కచోట కూర్చుంటే పని ఎంత తొందరగా అవుతుందో ఆ రోజు చూశాను.

అప్పుడు తాత నా వైపు తిరిగాడు. "బిడ్డా, కాయిదాలు సదివేది నువ్వే గద. గా దినం కూత బందు అని యాడనన్న రాసి ఉండెనా?"

బెంచీల మీద వాళ్ళంతా నన్ను చూశారు. నేను బాపును చూశాను. బాపు గూట్లో ఉన్న పంచాయతీ రేడియోను చూస్తున్నాడు. అది మోగడం లేదు. అయినా దాన్నే చూస్తున్నాడు. నేను నిజం చెబితే తాత బతుకుతాడు. బాపు తల వంచుకుంటాడు, ఊరి ముందూ క్యాంపు ముందూ కూడా. లేచి ఇంటికి పరుగెత్తి ఆ పట్టుచీర కింది కాగితం తెద్దామని కాళ్ళు అనుకున్నాయి. నోరు వేరే మాట అన్నది.

"యాది లేదు తాతా."

తాత తల ఊపాడు. బాపు గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాడు, నేను రాశాను. 'జరిగిన నష్టానికి ఈ పంచాయతీ విచారిస్తున్నది. ఎవరినీ తప్పు పట్టడం లేదు. రెండు వైపుల శాంతి కోసం నీరటిని మార్చడమైనది.' చివర తాత వచ్చి వేలిముద్ర వేశాడు. సిరా అద్దిన ఆ వేలును నేనే పట్టుకుని కాగితం మీద ఒత్తాను. ఆ చర్మం నీళ్ళలో నాని నాని తెల్లగా, మెత్తగా ఉంది.

ఆ మరుసటి నెల బాపు సర్పంచయ్యాడు. ఎనిమిది ఓట్లూ ఆయనకే. తాత పెళ్ళాంతో, కోడలితో ఊరు విడిచి పోయాడు. ఎక్కడికని నేను అడగలేదు. దసరా వెళ్ళాక బాపు ఎవరెవరినో పట్టుకుని నాకు కాలేజీలో సీటు ఇప్పించాడు. "సంతోషమేనా?" అని అడిగాడు. సంతోషమే అన్నాను. నేను ఆ వసారా నుంచి బయటపడింది ఆ అబద్ధం మీద కాలు పెట్టి. బయట కూడా నాకు గాలి ఆడలేదు.

మరుసటి ఏడు తెలంగాణ గొడవలు వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. నెలల తరబడి మళ్ళీ అదే గడప. ఊరి యువకులు వచ్చి, "మీరు ముందు నడువుండ్రి పటేలా" అన్నారు. క్యాంపు వాళ్ళు వచ్చి, "మీరు ఒక్కరోజు మా మధ్య కూర్చోండి, ఎవరూ మా జోలికి రారు" అన్నారు. బాపు వాళ్ళకూ చాయ ఇప్పించాడు, వీళ్ళకూ చాయ ఇప్పించాడు. ఎటూ నడవలేదు, ఎక్కడా కూర్చోలేదు. నాలుగు క్యాంపు ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఊరి యువకులు మా వాకిట్లోకి రావడం మానేశారు. ఎవరితోనూ తగువు లేని మా ఇంటికి రెండు వైపుల నుంచీ మనిషి రాకుండా పోయాడు. ఆ రోజుల్లో నేను బాపుకు పసుపు ధరలు చదివాను, వానలు పడిన లెక్కలు చదివాను, చావు కబుర్లు చదివాను. ప్రపంచం చదవలేదు. "మనోళ్ళేమన్నరు?" అని ఆయనా అడగలేదు. ఒకే వసారాలో ఇద్దరం చిక్కుకుని ఉన్నాం, తలుపులు తెరిచే ఉన్నాయి.

1971 నాటికి టీచర్ ట్రైనింగ్ ముగించి నిజామాబాద్‌లో చిన్న బడిలో చేరాను. స్టేషన్ వెనుక ఒక గది అద్దెకు తీసుకున్నాను. దగ్గర్లో రైసు మిల్లు ఉండేది. అక్కడ రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి గంట గంటకూ కొట్టేవారు. నా దగ్గర చేతి గడియారం లేదు. ఎనిమిది కొట్టగానే జడ వేసుకోవడం, తొమ్మిది కొట్టగానే తాళం వేసి బయలుదేరడం. ఆరు నెలలు ఒక్కరోజు కూడా బడికి ఆలస్యంగా పోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నూకల కోసం ఆ మిల్లులోకి పోయాను. గేటు పక్కన స్టూలు మీద, ఖాకీ చొక్కా వేసుకుని నీరటి తాత కూర్చున్నాడు. ఎదురుగా గోడకు పెద్ద గడియారం. నన్ను చూసి లేచాడు. "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?" అన్నాడు.

నేను ఏడ్చాను. నూకల సంచీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. తర్వాత చెప్పాను, ఫ్యాక్టరీ కాగితం మా ఇంటికి వచ్చిందని, నేనే చదివానని, పంచాయతీలో అబద్ధమాడానని.

"నాకెర్కే" అన్నాడు తాత. "పొద్దున కాలువ కాడికెల్లి ఇంటికొస్తుంటె ఫీల్డుమన్ సైకిలు మీ ఇంటి ముందట సూసిన. ఆయన నీ చేతికి కాయిదం ఇచ్చుడు సూసిన. గందులేమున్నదో తర్వాత తెలుసుకున్న."

"మరి అందరి ముందు ఎందుకు చెప్పలేదు తాతా?"

"నేను సెప్తే ఎవలింటరు? పటేలు ఇంట్ల కాయిదం ఉన్నదని నీరటోడు అంటే తంతరు. నువ్వు సెప్తవని అడిగిన." మళ్ళీ స్టూలు మీద కూర్చుని అన్నాడు. "నువ్వు సెప్తవనే అనుకున్న బిడ్డా."

కోపంగా అనలేదు. అనుకున్నాను అన్నాడు, అంతే. నా తప్పు కాగితం మీద రాసి సంతకం చేసి ఇస్తానని, పంచాయతీ వాళ్ళకు చూపించమని అన్నాను. ఆయన నవ్వాడు.

"నాకు గడియారం అచ్చింది గని సదువు రాలే. నాకెందుకు గా కాయిదం? మీ బాపుకు సదివి ఇనిపియ్యి. సదివి ఇనిపించేది నువ్వే గద." అని గడియారం వైపు చూసి, లేచి వెళ్ళి పట్టా ముక్క మీద మూడు కొట్టాడు.

ఆ సాయంత్రం రాశాను. ఒకటిన్నర పేజీ అయింది. ఆ శనివారం ఊరికి పోయాను. బాపు ఇప్పుడు సర్పంచు కాదు, మెంబరు కూడా కాదు. అదే మంచం మీద ఉన్నాడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. మన దేశానికి ప్రపంచ మండలిలో రెండేళ్ళ కుర్చీ మళ్ళీ దొరికిందట, రేడియోలో విన్నాడట. "పేపరు తెచ్చినవా?" అని అడిగాడు. కాగితం తెచ్చానన్నాను. సందూక తెరిచి పట్టుచీర కింది నుంచి ఫ్యాక్టరీ నోటీసు కూడా తీసుకొచ్చి, గడప మీద కూర్చున్నాను. ఆయన అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

ముందు ఆ నాలుగు వరుసలు చదివాను. తర్వాత నేను రాసింది చదివాను. అందులో ఫీల్డుమన్ సైకిలుంది, దిండు కింద పేపరుంది, 'లోపల పెట్టు' అన్న మాటుంది, నా 'యాది లేదు' ఉంది, తాత వేలు ఉంది. 'విచారిస్తున్నాం' అనే మాట నేను వాడలేదు. తప్పు చేశాం అని రాశాను. మేమిద్దరం అని రాశాను.

చదవడం అయిపోయింది. బాపు కళ్ళు తెరవలేదు. కొడతాడేమో, లేచి పోతాడేమో అనుకున్నాను. పోయినా సరే, ఇక ఈ ఇంట్లో ఒక పక్షం ఉంది అనుకున్నాను.

"మల్లొకసారి సదువు" అన్నాడు.

నేను మొదటి వరుస నుంచి మొదలుపెట్టాను. రెండోసారి చదువుతుంటే అవ్వ వంటింట్లోంచి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడింది.